ఉప్పు తిన్నది ఒకరు – ఉప్పునీళ్లు తాగేది మరొకరు

సముద్రపు నీళ్లు ఉప్పగా వుంటాయని ఎవరికి తెలీదు? చంటిపిల్లాడికి కూడా తెలుసు. అయితే ఆ ఉప్పదనం ఎప్పుడూ ఒకేలా వుండదనీ, గత 70 ఏళ్లలో సముద్రంలో ఎక్కడెక్కడ ఉప్పు చిక్కబడిందో, ఎక్కడెక్కడ పలచబడిందో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారనీ, ఆ లెక్కకీ మన తొలకరికీ, తుపానుకీ, చివరకు దినకూలీకీ కూడా సంబంధం వుందనీ మన పల్లెల్లో తెలిసినవాళ్లు తక్కువ. తెలియకపోవటం మన తప్పు కాదు. చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. సముద్రం సంగతులు పెద్ద చదువుల వాళ్ల ముచ్చట అని ఊరుకుంటే నష్టపోయేది మాత్రం కొంపా గోడూ సముద్రం పక్కన వున్న కూలీ జనం, కౌలు రైతులు, బెస్తలు. కాబట్టి ఈ సంగతిని మొదటి నుంచీ చూద్దాం.

ఉప్పుమడిలో పాఠం

లీటరు సముద్రపు నీటిని కాచి ఇగరబెడితే సుమారు 35 గ్రాముల ఉప్పు మిగులుతుంది. ఇది ప్రపంచ సగటు. ఎర్రసముద్రంలో ఇది 40 గ్రాముల దాకా వుంటుంది. మన బంగాళాఖాతం ఉత్తర భాగంలో వానాకాలం తర్వాత పైనీళ్లలో 30 గ్రాములకన్నా తగ్గిపోతుంది. ఈ ఉప్పంతా ఎక్కడిది? కోట్ల సంవత్సరాలుగా వాననీళ్లు కొండల్ని, బండల్ని అరగదీసి, వాటిలోని లవణాల్ని ఏళ్ల ద్వారా సముద్రానికి చేరవేశాయి. నీళ్లు ఆవిరై మళ్లీ మబ్బెక్కాయి. ఉప్పు మాత్రం అక్కడే వుండిపోయింది.

మనిషి జీవితకాలంలో సముద్రంలో వున్న మొత్తం ఉప్పు ఇంచుమించు మారదు. మారేది నీళ్లు. ఈ సంగతి చిన్నగంజాం, నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే కూలీకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండ కాస్తే మడిలో నీళ్లు చిక్కబడతాయి, ఉప్పు గడ్డ కడుతుంది. అకాలంగా ఒక్క వాన పడితే పదిరోజుల కష్టం కరిగి నీళ్ల పాలవుతుంది. సముద్రం కూడా పెద్ద ఉప్పుమడి వంటిదే. ఎక్కడ ఎండ ఎక్కువ, వాన తక్కువో అక్కడ ఉప్పు చిక్కన. ఎక్కడ వానలెక్కువో, ఎక్కడ పెద్ద నదులు వచ్చి కలుస్తాయో, ఎక్కడ మంచు కరుగుతుందో అక్కడ పలచన.

అరేబియా సముద్రం, బంగాళాఖాతం రెండూ ఒకే ఎత్తున, ఒకే ఎండ కింద వున్నాయి. అయినా అరేబియాలో ఉప్పు 36 గ్రాముల పైన, బంగాళాఖాతంలో అంతకంటే బాగా తక్కువ. ఎందుకని? అరేబియాలో పడే వాన కంటే పోయే ఆవిరి ఎక్కువ. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ వచ్చి పడతాయి. పైన వానలూ ఎక్కువే.

ఇందులో ఒక గొప్ప ఉపయోగం వుంది. భూమ్మీద ఆవిరయ్యే నీటిలో సుమారు 86 శాతం సముద్రాల మీద నుంచే పోతుంది. కురిసే వానలో సుమారు 78 శాతం సముద్రాల మీదే పడుతుంది. మన మండల కేంద్రంలో వానకొలిచే గొట్టం వుంటుంది. నడిసముద్రంలో గొట్టం పెట్టేదెవరు? అక్కడ ఉప్పే వానకొలత. ఉప్పు పెరిగిందంటే వాన తగ్గి ఆవిరి పెరిగిందని. ఉప్పు తగ్గిందంటే వానో, నదో, మంచునీరో ఎక్కువ చేరిందని.

కొలిచినవాళ్లెవరు?

1872లో ఇంగ్లండు నుంచి చాలెంజర్ అనే ఓడ బయలుదేరి 1876 దాకా ప్రపంచ సముద్రాలన్నీ తిరిగింది. అది తెచ్చిన 77 నీటి నమూనాలను డిట్మార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించి 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఏ సముద్రపు నీరైనా అందులోని ముఖ్య లవణాల పాళ్లు మాత్రం దాదాపు ఒకటేనని ఆయన తేల్చాడు. అంటే నీళ్లు కలిసి పలచబడటమూ, ఆవిరై చిక్కబడటమే తప్ప ఉప్పు స్వభావం మారదన్నమాట. నూటయాభై ఏళ్ల తర్వాత ఈ తరం శాస్త్రజ్ఞులు ఆ ఓడ లెక్కల్ని ఇప్పటి లెక్కలతో పోల్చి చూసుకుంటున్నారు. బ్రిటిష్ సామ్రాజ్యం ఓడల్ని పంపింది తన వ్యాపారానికి, తన నౌకాబలానికి పనికొస్తుందని. కానీ ఆ ఓడ మీద పనిచేసినవాళ్ల కష్టం ఇవ్వాళ మనకీ అక్కరకొచ్చింది.

2000 ప్రాంతం నుంచి ఆర్గో అనే పరికరాల్ని సముద్రాల్లో వదులుతున్నారు. మనిషి ఎత్తున వుండే గొట్టాల వంటివి ఇవి. పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకి తేలుతూ దారి పొడుగునా నీటి వేడినీ, ఉప్పునూ కొలిచి, ఆ లెక్కను ఉపగ్రహం ద్వారా ఒడ్డుకి పంపుతాయి. ఇలాంటివి నాలుగు వేల దాకా ప్రపంచమంతా తేలుతున్నాయి. మన దేశం తరఫున ఈ పని చూసేది హైదరాబాదులో 1999లో పెట్టిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. చేపలెక్కడ దొరుకుతాయో బెస్తలకి కబురు పంపేదీ, సునామీ హెచ్చరిక ఇచ్చేదీ ఇదే సంస్థ. 2009 నుంచి ఉపగ్రహాలు కూడా పైనుంచే సముద్రపు ఉప్పును కొలుస్తున్నాయి.

ఇన్ని ఉపగ్రహాలు వున్నా, ఒడ్డుకి దగ్గరగా మాత్రం వాటి చూపు సరిగ్గా ఆనదు. ఆ లోటు తీర్చినవాళ్లు మన బెస్తలు! గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు మన తీరం వెంబడి కొన్నిచోట్ల మత్స్యకారుల్ని కుదుర్చుకున్నారు. వాళ్లు అయిదు రోజులకోసారి మోకాటిలోతు నీళ్లలోకి దిగి బకెట్టుతో నీళ్లు ముంచి సీసాల్లో పట్టారు. ఏళ్ల తరబడి ఇలా పట్టిన నీళ్లను పరీక్షిస్తే ఒక విచిత్రం బయటపడింది. వానాకాలం ముగిసేసరికి గంగా బ్రహ్మపుత్రల నీళ్లు, దారిలోని నదుల నీళ్లు కలుపుకుని, సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున తూర్పు తీరాన్ని ఆనుకుని దక్షిణానికి పారుతున్నాయి. రెండున్నర నెలల్లో దేశం కొస దాకా పోతున్నాయి. ఆ నీళ్లు వచ్చినప్పుడు ఒడ్డున ఉప్పు పది గ్రాములకు పైగా పడిపోతున్నది. సముద్రంలో నది! 2014లో ఈ సంగతి ప్రపంచ శాస్త్ర పత్రికలో అచ్చయింది. చదువుకోనివాడికి శాస్త్రంతో పనేమిటనేవాళ్లు ఈ బకెట్ల కథ ఒకసారి చదవాలి. దసరా వెళ్లాక "నీళ్లు చప్పబడ్డాయి, వాలు దక్షిణానికి తిరిగింది" అని పడవ మీదివాళ్లు చెప్పుకునే మాటకు ఇప్పుడు అంకెల సాక్ష్యం దొరికింది.

లెక్కలు ఏం చెప్తున్నాయి?

1950 నుంచి 2000 దాకా యాభై ఏళ్ల కొలతల్ని ఆస్ట్రేలియా, అమెరికా శాస్త్రజ్ఞులు గుదిగుచ్చి 2012లో ఒక సంగతి బయటపెట్టారు. సముద్రంలో ఉప్పు ఎక్కువున్న చోట ఇంకా ఎక్కువవుతున్నది. తక్కువున్న చోట ఇంకా తగ్గుతున్నది. అట్లాంటిక్ చిక్కబడుతున్నది, పసిఫిక్‌లో పెద్ద భాగం పలచబడుతున్నది. దీనర్థం ఏమిటి? నీళ్లు ఆవిరై మబ్బై వానై తిరిగొచ్చే చక్రం జోరందుకుంది. ఆ యాభై ఏళ్లలో ఈ జోరు సుమారు 4 శాతం పెరిగిందని వాళ్లు లెక్క తేల్చారు. తర్వాత వేరే పద్ధతుల్లో కట్టిన లెక్కల్లో అంకె ఇంతకంటే తక్కువ వచ్చింది. ఎంత అనేదాని మీద శాస్త్రజ్ఞుల మధ్య తేడా వుంది గాని, ఎటు అనేదాని మీద తేడా లేదు.

కారణం కూడా తేలికైందే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. బొగ్గు, పెట్రోలు, గ్యాసు తగలబెట్టి గాలిలోకి వదిలిన బొగ్గుపులుసు వాయువు దుప్పటిలా కప్పుకుని భూమిని వేడెక్కిస్తున్నది. ఫాక్టరీల యుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లు వుండే ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. ఇలా పోగుపడిన వేడిలో నూటికి తొంభై వంతుల పైన సముద్రమే మింగుతున్నది. వేడెక్కిన సముద్రం నుంచి ఆవిరి ఎక్కువ లేస్తుంది. లేచింది ఎక్కడో ఒకచోట పడాలి. అందుకే పడ్డచోట కుంభవృష్టి, పడని చోట బొత్తిగా ఎండు. సముద్రపు ఉప్పులో వచ్చిన ఈ మార్పు వెనుక మానవ చర్యల ప్రభావం వుందనటానికి ఎంతో బలమైన ఆధారాలున్నాయని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం ఐపిసిసి 2021 నివేదికలో తేల్చి చెప్పింది. ఇక "ఇదంతా ప్రకృతి లీల" అని తప్పించుకునే వీల్లేదు.

ఇంకో సంగతి. ఉప్పునీళ్లు బరువు, మంచినీళ్లు తేలిక. ఉత్తర అట్లాంటిక్‌లో ఉప్పగా వున్న నీళ్లు చలికి బరువెక్కి అడుగుకు దిగుతాయి. వాటి చోటులోకి దక్షిణాది వెచ్చని నీళ్లు వచ్చి చేరతాయి. మోటబావి మీద బొక్కెనలు ఒకటి దిగుతుంటే ఒకటి పైకొచ్చినట్టు ప్రపంచ సముద్రాల నీళ్లు ఇలా చుట్టు తిరుగుతూ వేడిని పంచుతుంటాయి. పైన మంచినీళ్లు ఎక్కువ చేరితే ఏమవుతుంది? నీళ్లు తేలికై దిగటం మానేస్తాయి. ఇది ఊహ కాదు. 1968 నుంచి 1982 దాకా ఆర్కిటిక్ నుంచి వచ్చిన మంచునీరు ఉత్తర అట్లాంటిక్‌లో పెద్ద పలచని మడుగులా తిరిగింది. ఆ కాలంలో కొన్ని చలికాలాల పాటు లాబ్రడార్ సముద్రంలో నీళ్లు అడుగుకు దిగటం ఆగిపోయింది.

ఇప్పుడు గ్రీన్‌లాండు మంచు కరుగుతున్నది. ఈ శతాబ్దంలో ఆ ప్రవాహం బలహీనపడటం దాదాపు ఖాయమంటున్నారు. 2100 లోపల ఒక్కసారిగా ఆగిపోతుందని ఐపిసిసి చెప్పటం లేదు. కానీ ఆగిందంటే మాత్రం ఆఫ్రికా, ఆసియా ఋతుపవనాలు బలహీనపడే ప్రమాదం వుందని హెచ్చరించింది. ఎక్కడో గ్రీన్‌లాండు మంచుకీ మన తొలకరి దుక్కికీ వున్న ముడి ఇది.

బంగాళాఖాతం మూతపెట్టిన కుండ

ఇక మన సముద్రానికొద్దాం. తుపాను అనేది సముద్రపు వేడి తాగి బతికే జంతువు. మామూలుగా తుపాను గాలి నీళ్లను చిలికి కింది చల్లని నీళ్లను పైకి తెస్తుంది. చల్లని నీళ్లు తగిలేసరికి దాని బలం కొంత తగ్గుతుంది. తన ఆకలికి తానే అడ్డు తెచ్చుకున్నట్టు. కానీ బంగాళాఖాతంలో వానాకాలం తర్వాత నదుల మంచినీళ్లు పైన పలచని పొరగా పరుచుకుంటాయి. తేలికైన ఈ పొర కుండ మీద మూతలా పనిచేస్తుంది. కింది చల్లనీళ్లను పైకి రానివ్వదు. ఎండ వేడి పైపైనే నిలిచిపోతుంది. అందుచేత అక్టోబరు, నవంబరుల్లో పుట్టిన తుపానుకి మేత తరగదు.

ఆ తుపానుల రుచి మనకి కొత్త కాదు. 1864లో బందరు ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. చచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎవరు? తాటాకు గుడిసెల్లో వుండే కూలీలు, బెస్తలు, కోతలకని వచ్చిన వలసజనం. 1990 మేలో మళ్లీ కృష్ణా తీరం. 1996 నవంబరులో కోనసీమ, వెయ్యిమందికి పైగా. 2014 అక్టోబరులో విశాఖ మీద హుద్‌హుద్. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర మిచౌంగ్, కోతకొచ్చిన వరి నేలపాలు.

భూమి వేడెక్కకముందు కూడా తుపానులు వచ్చాయి, నిజమే. వేడెక్కటం వల్ల మారుతున్నది వాటి తీవ్రత. గత నలభై ఏళ్లలో ప్రపంచం మొత్తం మీద తుపానుల్లో అతితీవ్రమైన వాటి పాలు పెరిగినట్టు కనిపిస్తున్నదని ఐపిసిసి అంటున్నది. హెచ్చరికలూ, తరలింపూ మెరుగుపడటం వల్ల 1977 నాటి మరణాలు ఇప్పుడు లేవు. ఇది ప్రజలు పోరాడి సాధించుకున్న విజయం. అయితే ప్రాణం దక్కినవాడి చేను, మేక, గుడిసె, పని ఏమైనట్టు?

పైనుంచి నది సన్నగిలితే కిందనుంచి సముద్రం ఎక్కుతుంది

బంగాళాఖాతం మొత్తం మీద ఉప్పు తక్కువున్న సముద్రమే. కానీ మన డెల్టా మొగల దగ్గర కథ వేరు. 20వ శతాబ్దం తొలి అరవై ఏళ్లలో కృష్ణానది ఏటా సగటున దాదాపు 2,000 టిఎంసిల నీరు సముద్రానికి మోసింది. 2001–04 కరువు సంవత్సరాల్లో అది నామమాత్రమై, ఏడాదికి కొద్ది పదుల టిఎంసిలకు పడిపోయింది. మధ్యలో మూడు రాష్ట్రాలలో ప్రాజెక్టులు వచ్చాయి, లక్షల ఎకరాలకు నీళ్లందాయి. మనం ఎగువ రైతును తప్పుపట్టటం లేదు. అతని గొంతూ తడవాలి. ఎగువ రైతు మీదికి దిగువ రైతును ఉసిగొల్పి పబ్బం గడుపుకునే నాయకుల మాటలు మనకక్కర్లేదు. కానీ "సముద్రంలోకి పోయిన ప్రతి చుక్కా వృథా" అనే మాటను మాత్రం ఒప్పుకోకూడదు. నదీముఖంలో పారే మంచినీరు సముద్రాన్ని వెనక్కి నెట్టే కట్ట. ఆ కట్ట బలహీనపడితే పోటు నీరు ఏటి వెంబడి, మురుగు కాల్వల వెంబడి ఎగదన్నుతుంది.

నీళ్లతో బాటు ఒండ్రు కూడా ఆగిపోయింది. 1960ల చివర కృష్ణ ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు డెల్టాకు తెచ్చేది. 2000–05 నాటికి అది 4 లక్షల టన్నులకు దిగింది. గోదావరి తెచ్చేదీ 1970లతో పోలిస్తే 1990ల నాటికి సగానికన్నా తగ్గింది. డెల్టా అంటే నది కట్టిన ఇల్లు. మట్టి పోయటం మానేస్తే ఇల్లు కుంగుతుంది. అదే సమయంలో 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. పైనుంచి నేల దిగుతున్నది, కిందనుంచి నీరు ఎక్కుతున్నది. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లను మింగుతుంటే ఏళ్ల తరబడి చూస్తూనే వున్నాం.

భూమి లోపల కూడా ఇదే తంతు. తీరంలో ఇసుక దిబ్బల కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ వుంటాయి. అందుకే దిబ్బ మీద తవ్విన చెలమ తియ్యగా వుంటుంది. శాస్త్రజ్ఞులు చెప్పే లెక్క ప్రకారం పైనున్న మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే కింద ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకెక్కుతుంది. దిబ్బల ఇసుకను తవ్వి అమ్ముకునేవాళ్లకూ, లోతు బోర్లు వేసి రాత్రింబవళ్లు తోడేవాళ్లకూ ఈ లెక్కతో పనిలేదు. బావి ఉప్పెక్కితే బిందె పట్టుకుని మైళ్లు నడిచేది కూలి ఇంటి ఆడది.

అన్నీ వాతావరణం నెత్తినే రుద్దితే ఎలా?

ఈ మధ్య పాలకులకు ఒక కొత్త సాకు దొరికింది. చేను ఉప్పెక్కినా, గట్టు తెగినా, ఊరు మునిగినా "వాతావరణ మార్పు, మనమేం చేస్తాం?" అంటున్నారు. వాతావరణం మారుతున్న మాట నిజం. కానీ ఊళ్లోకి వచ్చిన ఉప్పంతా గ్రీన్‌లాండు నుంచి రాలేదు.

పూడిక తియ్యని మురుగు కాల్వలు ఎవరి నిర్వాకం? మురుగు కాల్వ సముద్రంలో కలిసేచోట తలుపులు తుప్పుపట్టి విరిగిపోతే, పోటొచ్చినప్పుడల్లా ఉప్పునీరు పొలాల మధ్యకి నడిచొస్తుంది. వానొస్తే అదే కాల్వలో నీరు కిందికి పోదు. చేను మునిగి చస్తుంది. లేదంటే ఉప్పెక్కి చస్తుంది.

రొయ్యల చెరువుల సంగతి మరీ ఘోరం. 1980ల చివరి నుంచి తీరమంతా వరిచేలు చెరువులయ్యాయి. మధ్యలో ఒక్క ఆసామి చెరువు తవ్వి ఉప్పునీరు పెడితే చుట్టూ పదిమంది చేలు ఊటకు చవుడు తేలుతాయి. చివరకు వాళ్లూ గత్యంతరం లేక చెరువుకే లీజుకిస్తారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో, సాగు భూముల్నీ, ఉప్పు భూముల్నీ, మడ అడవుల్నీ, ఊరుమ్మడి భూముల్నీ రొయ్యల చెరువులుగా మార్చకూడదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఎంత అమలైందో తీరం వెంబడి పదిమైళ్లు నడిస్తే తెలుస్తుంది. 2005లో పార్లమెంటు చట్టం చేసి రిజిస్ట్రేషను పద్ధతి పెట్టింది. కాగితం వచ్చింది, ఉప్పు పోలేదు.

మడ అడవులదీ అంతే. కోరింగ, కృష్ణా మొగల్లోని మడ అడవులు ఉప్పెనకు అడ్డుగోడలు. 1999లో ఒడిశాను ముంచిన తుపానులో మడ అడవి వెనకున్న ఊళ్లలో మరణాలు తక్కువని తర్వాత పరిశోధకులు లెక్కలతో రుజువు చేశారు. వాటిని నరికి చెరువులు తవ్వుకున్నవాడు లాభం పట్టుకుపోయాడు. గోడ పోయింది మాత్రం ఊరికి.

చేను చవుడైతే కూలి ఏం తినాలి?

వరి మొక్క రెండు దశల్లో ఉప్పుకు బొత్తిగా తట్టుకోలేదు. నారు దశలో, ఈనిక దశలో. నారు ఆకుల కొసలు తెల్లబడి ఎండుతాయి. ఈనిక దశలో ఉప్పు తగిలితే వెన్ను నిండా తాలే. దాళ్వాలో కాల్వ కింద శివారుకు మంచినీళ్లందకపోతే ఈ రెండూ జరుగుతాయి.

భూమి వున్నవాడికి పంట పోతుంది. కౌలు రైతుకు పంటతో బాటు ముందే కట్టిన కౌలు కూడా పోతుంది. పరిహారం మాత్రం పట్టా వున్నవాడి ఖాతాలో పడుతుంది. 2019లో చేసిన పంట సాగుదార్ల హక్కుల చట్టంలో భూమి యజమాని సంతకం వుంటేనే కార్డు అన్నారు. సంతకం పెట్టే ఆసాములు ఎంతమంది? ఇక కూలి సంగతి ఎవరి లెక్కలోనూ లేదు. ఎకరం వరికి ఊడ్పు, కలుపు, కోత, మోత, నూర్పిడి అని ఊళ్లో పదిమందికి పని దొరికేది. అదే ఎకరం చెరువైతే కాపలాకి ఒక్కడు చాలు. ఊడ్పు ముఠాలు కట్టే ఆడకూలీలకు అసలు పనే లేదు. అధికారి వచ్చి "పంటనష్టం ఎంత?" అని రాసుకుపోతాడు గాని, "పోయిన పనిదినాలెన్ని?" అని ఎప్పుడైనా అడిగాడా? చేను చవుడైతే పోయేది పంట ఒక్కటే కాదు. పాలేరు కుటుంబం, చిన్నకారు రైతు కుటుంబం ఊరు విడిచి పట్నం ఇటుక బట్టీలకో, పైరాష్ట్రాల పనులకో పోవాల్సి వస్తుంది.

ఎవరి పాపం ఇది?

"ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు" అని సామెత. ఈ విషయంలో సామెత తలకిందులైంది. ఫాక్టరీల యుగం మొదలైన దగ్గర్నుంచి బొగ్గూ నూనే కాల్చి గాలిలోకి వదిలిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగోవంతు ఒక్క అమెరికాదే. ఐరోపా దేశాల వాటా దాని వెనకాలే వుంది. ఇంత జనాభా వున్న మన దేశం వాటా నూటికి మూడు పాళ్ల ప్రాంతం. ఆ మూడు పాళ్లలో కూడా ఎద్దుబండి మీద, కాలినడక మీద బతికిన కూలీ వాటా ఎంత? కర్మాగారాల యజమానుల వాటా ఎంత? లాభాల కోసం వంద సంవత్సరాలు గాలిని చెరిచినవాళ్లు ఇప్పుడు సమావేశాలు పెట్టి "అందరం కలిసి భారం మోద్దాం" అంటున్నారు. ఉప్పు తిన్నది వాళ్లు. ఉప్పునీళ్లు తాగుతున్నది మనం.

ఏం చెయ్యాలి?

నేలలో చేరిన ఉప్పు శాశ్వతమేమీ కాదు. పాలచవుడైతే మంచినీళ్లు పెట్టి కడిగి, ఆ నీళ్లు బయటికి పోయే దారి చూపితే నేల తిరిగి పంటకొస్తుంది. కారుచవుడుకైతే జిప్సం వెయ్యాలి. జీలుగు వేసి కలియదున్నితే నేల గుల్లబారుతుంది. ఉప్పు నేలల మీద బాపట్లలో పరిశోధన సాగుతున్నది. మచిలీపట్నం పరిశోధనా స్థానం ఎం.సి.ఎం. 100 వంటి ఉప్పు తట్టుకునే వరి రకాల్ని అందించింది. కానీ మురుగు పారుదల లేకుండా ఎన్ని రకాలు తెచ్చినా, ఎంత జిప్సం పోసినా బూడిదలో పోసిన పన్నీరే. విత్తనం చేతిలో పెట్టి "తట్టుకోండి" అని చెప్పటం ప్రభుత్వం తన బాధ్యత దులుపుకోవటమే అవుతుంది.

అందుచేత రైతుకూలీ సంఘాలు గ్రామగ్రామాన ఈ డిమాండ్లను ముందుకు తీసుకుపోవాలి:

ఒకటి: ఏటా వేసవిలో మురుగు కాల్వల పూడిక తియ్యాలి. సముద్రపు మొగల దగ్గర తలుపులు బాగుచెయ్యాలి. ఈ పనిని కాంట్రాక్టర్ల యంత్రాలకు కాకుండా గ్రామీణ ఉపాధి పనుల కింద కూలీలకే ఇవ్వాలి.

రెండు: డెల్టా శివారు భూములకు దాళ్వా నీరు ముందుగా లెక్కకట్టి వదలాలి. నదీముఖం బతకటానికి కావలసిన కనీసపు నీటిని రాష్ట్రాల మధ్య నీటి పంపకాల్లో ఒక పద్దుగా పెట్టాలి.

మూడు: వరిచేల మధ్య అక్రమ రొయ్యల చెరువులను మూయించాలి. ఊట వల్ల చవుడైన పక్క చేలకు చెరువు యజమాని నుంచి పరిహారం రాబట్టాలి. మడ అడవుల్ని మళ్లీ పెంచే పని తీరగ్రామాల కూలీలకు అప్పగించాలి.

నాలుగు: పంట పోయినప్పుడు పరిహారం యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా సాగు చేసినవాడికే ఇవ్వాలి. పోయిన పనిదినాలకు కూలీలకు కూడా భృతి ఇవ్వాలి.

అయిదు: ప్రతి తీరగ్రామంలో బావినీటి, కాల్వనీటి ఉప్పు కొలతను నెలనెలా తీసి పంచాయతీ గోడ మీద రాయాలి.

ఈ చివరి డిమాండుకు ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేదు. నీటి ఉప్పును కొలిచే చిన్న పరికరం పెద్ద ఖర్చు కాదు. సంఘం ఒకటి కొని, చదువుకున్న కుర్రాడికి అప్పగించి, పౌర్ణమికీ అమావాస్యకీ, అంటే పోటు ఎక్కువగా వుండే రోజుల్లో, మురుగు కాల్వ నీళ్లు కొలిపించి పుస్తకంలో రాయించవచ్చు. మోకాటిలోతు నీళ్లలో దిగి బెస్తలు పట్టిన సీసాలు ప్రపంచ శాస్త్రానికి సాక్ష్యమయ్యాయి. మన కాల్వ దగ్గర మనం రాసిన అంకెలు తహసీల్దారు బల్ల మీద సాక్ష్యం కాకుండా పోతాయా? "ఎప్పట్నుంచి ఉప్పెక్కింది? ఎంత ఎక్కింది? రుజువేది?" అని అధికారి అడిగినప్పుడు నోటిమాటతో కాదు, లెక్కల పుస్తకంతో జవాబు చెప్పాలి. ఆ పుస్తకం వెనక ఊరు ఊరంతా నిలబడి వుండాలి.